చిట్టా వ్రాయు యంత్రము – చిట్టా చదువు యంత్రము
(తల్లిదండ్రుల కొఱకు ఒక పాఠము)

వ్యాపారము చేయు ఇండ్లలో పూర్వము రెండు లెక్క పుస్తకము లుండెడివి. మొదటిది చిట్టా, రెండవది ఆవర్జా. ఏ దినమున జరిగినది ఆ దినముననే, జరిగిన వరుసలోనే వ్రాయబడునది చిట్టా. ఆ చిట్టాను చదివి, ఎవరి పద్దును వారి పేరున విడదీసి, బాకీ ఎంతయో తేల్చునది ఆవర్జా. చిట్టాను ఎంత శ్రద్ధగా వ్రాసినను దానిని ఆవర్జాకు ఎక్కింపనిచో యజమానికి కలుగు లాభము లేదు. వ్రాయుట యొక పని, చదివి తేల్చుట వేఱొక పని.

నేడు మన చుట్టునున్న యంత్రము లనేకము విడువక చిట్టా వ్రాయుచున్నవి. బ్యాంకు యంత్రము వ్రాయుచున్నది. రైలు టిక్కెట్ల యంత్రము వ్రాయుచున్నది. చేతిలోని ఫోను సైతము వ్రాయుచున్నది. ఈ చిట్టాల నెవరు చదువుచున్నారు, ఎట్లు చదువుచున్నారు అనునదే ఈ పాఠమునకు విషయము. మన పిల్లలు రేపు చేయబోవు పనులలో నిది యొకటి గనుక, తల్లిదండ్రులును దీనిని కొంత తెలిసికొనుట మంచిది.

మన తాలూకాలో వ్రాయబడుచున్న చిట్టా

పావగడ తాలూకా నాగలమడికె హోబళిలో తిరుమణి, బలసముద్రము, క్యాతగానచెర్లు, వల్లూరు, రాయచెర్లు అను ఐదు గ్రామముల భూములలో గొప్ప సోలారు విద్యుత్ కేంద్రము వెలసినది. దీని నిర్మాణమునకై 2015లో కర్ణాటక సోలార్ పవర్ డెవలప్‌మెంట్ కార్పొరేషను అను సంస్థ ఏర్పడినది. 2018 మార్చి 1వ తేదీన ఈ కేంద్రమును ప్రారంభించి, దీనికి శక్తిస్థల యని పేరిడిరి. 2019 ముగియునాటికి దీని శక్తి 2,050 మెగావాట్లకు చేరినది. సుమారు 13,000 ఎకరముల భూమిని రైతుల వద్ద క్రయమునకు కొనక, ఎకరమునకు సంవత్సరమునకు 21,000 రూపాయలు మొదలుగా కౌలుకు తీసికొనిరి. ఈ సంగతులు మన పాఠకులలో పలువురు స్వయముగా నెఱిగినవే.

దారిని పోవువారికి అచట కనబడునవి పలకలు మాత్రమే. ఆ పలకల వెనుక ఇన్వర్టరు అను యంత్రములు గలవు. పలక యిచ్చు విద్యుత్తు ఒకే దిక్కుగా ప్రవహించునది. మన ఇండ్లకు వచ్చు విద్యుత్తు క్షణమునకు 50 మార్లు అటునిటు తిరుగునది. మొదటి దానిని రెండవ దానిగా మార్చుటయే ఇన్వర్టరు పని. ఇటువంటి కేంద్రములలో ఇన్వర్టరు తన పని చేయుచునే, తనకు వచ్చిన విద్యుత్తెంత, తాను పంపిన దెంత, తన వేడి యెంత, ఏ లోపము కలిగినది అను సంగతులను నియమిత కాలమున కొకమారు ఒక్కొక్క పంక్తిగా వ్రాసికొనుచుండును. వ్రాసిన పంక్తి క్రింద మరియొక పంక్తి, దాని క్రింద ఇంకొకటి. ఇట్లు పెరుగుచుండు పత్రమును ఆంగ్లమున లాగ్ ఫైలు అందురు. మనము దానిని చిట్టా యందము.

లాగ్ అను మాటకు కొయ్యదుంగ యని అర్థము. పూర్వము నావికులు ముడులు వేసిన త్రాటికి ఒక కొయ్యను కట్టి సముద్రములోనికి విసరి, కొంత కాలములో ఎన్ని ముడులు చేతి నుండి జాఱినవో లెక్కించి ఓడ వేగమును తెలిసికొనెడివారు. ఆ లెక్కను వ్రాయు పుస్తకమునకు లాగ్ పుస్తకమని పేరు వచ్చినది. ఓడ నుండి ఆ మాట యంత్రములకు సంక్రమించినది.

మనుష్యుడు చదువలేనంత వ్రాత

ఒక యంత్రము నిమిషమున కొక పంక్తి వ్రాయుననుకొందము. దినమునకు 1,440 పంక్తులగును. అట్టి యంత్రములు వేయి యున్నచో 14,40,000 పంక్తులగును. నిద్రాహారములు మాని క్షణమున కొక పంక్తి చొప్పున చదువు మనుష్యుడు దినమునకు 86,400 పంక్తులు మాత్రమే చదువగలడు. ఒక్క దినపు చిట్టా ముగించుటకు అతనికి పదునాఱు దినములకు పైగా పట్టును. అతడు చదువుచుండగనే మరి పదునాఱు దినముల చిట్టా పేరుకొనును. కావున యంత్రము వ్రాసిన దానిని చదువుటకు యంత్రమునే నియోగింపవలెను.

ఆ యంత్రమునకు మనము వ్రాసి యిచ్చు ఆజ్ఞల పట్టికను స్క్రిప్టు అందురు. నాటకములో పాత్రధారి యేమి చెప్పవలెనో, ఎప్పుడు ప్రవేశింపవలెనో వ్రాసిన ప్రతికిని స్క్రిప్టు అనియే పేరు. కంప్యూటరు మంచి పాత్రధారి. వ్రాసినదే చేయును; వ్రాయని దానిని తనంత ఊహింపదు. కాబట్టి వ్రాయువాని వివేకమే దాని వివేకము.

పెరుగుచున్న చిట్టాను చూచుటకు యూనిక్స్ వ్యవస్థలో టెయిల్ అను ఆజ్ఞ 1970 దశాబ్దము చివరి నుండి గలదు. టెయిల్ అనగా తోక. పత్రము యొక్క తోకను, అనగా చివరి పంక్తులను చూపుట దాని పని. వెంబడింపుమను గుర్తును దానికి చేర్చినచో, క్రొత్త పంక్తి పడినప్పుడెల్ల దానిని తెరపై చూపుచుండును. కాని అది చూపును గాని తీర్పు చెప్పదు. తీర్పు చెప్పుటకు స్క్రిప్టు కావలెను.

ఒక మోటారు కథ

పెద్ద కేంద్రమును విడిచి, మన కందఱకు తెలిసిన బోరుబావి మోటారును ఉదాహరణముగా తీసికొందము. ఆ మోటారు ఎంత కరెంటు తీసికొనుచున్నదో ఐదు నిమిషముల కొకమారు ఒక పెట్టె వ్రాయుచున్నదనుకొందము. చిట్టా ఇట్లుండును:

6-00: మోటారు ప్రారంభము
6-05: 12 ఆంపియర్లు
6-10: 12 ఆంపియర్లు
6-15: 11 ఆంపియర్లు
6-20: 7 ఆంపియర్లు
6-25: 7 ఆంపియర్లు
6-30: 7 ఆంపియర్లు

ఈ చిట్టాను చదువనేర్చిన రైతు 6-20 పంక్తి వద్దనే ఉలికిపడును. బోరులో నీరు క్రిందికి దిగినప్పుడు పంపునకు ఎత్తుటకు బరువు తగ్గును. బరువు తగ్గగా మోటారు తీసికొను కరెంటును తగ్గును. నీటిలో మునిగి పనిచేయు మోటారును చల్లార్చునది ఆ నీరే గనుక, నీరు లేక తిరిగినచో అది కాలిపోవును. దానిని పైకి లాగుటకు, చుట్టు మార్పించుటకు, తిరిగి దించుటకు రైతునకు ఎంత వ్యయమగునో చెప్ప నక్కఱలేదు. అమ్మకమునకు దొరకు రక్షణ పెట్టెలు ఇట్టి స్థితిలో క్షణములలోనే మోటారును ఆపును. పాఠము సుబోధమగుటకై మనము ఐదు నిమిషముల లెక్కను తీసికొంటిమి.

ఇప్పుడు ఈ చిట్టాకు కాపలా యుండు స్క్రిప్టునకు నేర్పవలసిన నియమములను చూతము. ఇవి ఆఱు.

మొదటిది: చదివి నిలిపిన చోట గుర్తు పెట్టుకొనవలెను. స్క్రిప్టు నిమిషమున కొకమారు మేల్కొని చిట్టాను చూచునుకదా. ప్రతిమారును మొదటి పంక్తి నుండి చదువ నారంభించినచో, చిట్టా పెరిగినకొలది దాని పనియు పెరుగును. పైగా నిన్నటి లోపమునే నేటి లోపముగా మరల మరల చెప్పును. పురాణ శ్రవణమున పుస్తకములో నెమలిపురి ఉంచి మరునా డచటి నుండియే చదువుదురు. అట్లే స్క్రిప్టు తాను ఎన్నవ బైటు వఱకు చదివినదో వేఱొక చిన్న పత్రములో వ్రాసికొనవలెను. కరెంటు పోయి కంప్యూటరు తిరిగి లేచినను ఆ గుర్తు నిలిచియుండును.

రెండవది: సగము పంక్తిని చదువరాదు. స్క్రిప్టు చూచు క్షణమున చిట్టా వ్రాయు యంత్రము పంక్తి నడుమ నుండవచ్చును. 12 అని వ్రాయబోవుచు 1 మాత్రమే వ్రాసియున్నప్పుడు చదివినచో, మోటారు ఒక ఆంపియరు తీసికొనుచున్నదని భ్రమపడును. పంక్తి ముగిసినదని తెలుపు గుర్తు కనబడు వఱకు ఆ పంక్తిని ముట్టక, మరుమారునకు విడువవలెను. తెలుగున వ్రాసిన చిట్టాకు ఈ నియమము మరింత ముఖ్యము. నేడు విరివిగా వాడబడు యూటీఎఫ్-8 పద్ధతిలో ఆంగ్లాక్షరమునకు ఒక బైటు చాలును. తెలుగున క యను అక్షరమునకు 3 బైట్లు, కి యను దానికి 6, క్ష యను దానికి 9 బైట్లు పట్టును. నడుమ ఆపి చదివినచో అక్షరమే విరిగిపోవును.

మూడవది: పుస్తకము మారినదేమో చూడవలెను. చిట్టా హద్దు లేక పెరిగినచో కంప్యూటరులోని చోటంతయు నిండిపోవును. అందుచే కొంత పెరిగిన పిదప పాత చిట్టాకు వేఱు పేరు పెట్టి ప్రక్కనుంచి, అదే పేరున క్రొత్త చిట్టాను తెఱతురు. స్క్రిప్టు ఈ సంగతి నెఱుగక, యాభైవేల బైట్ల వఱకు చదివితినను గుర్తుతో వచ్చి, రెండువందల బైట్లే యున్న క్రొత్త చిట్టాను చూచినచో, నాకు చదువుట కేమియు లేదని ఊరకుండును. కావున చిట్టా పరిమాణము గుర్తుకంటె తక్కువగా నున్నప్పుడు పుస్తకము మారినదని గ్రహించి మొదటి నుండి చదువవలెను. క్రొత్త చిట్టా త్వరగా పెరిగి పాత గుర్తును దాటిపోయిన సందర్భమును కలదు. యూనిక్స్ వంటి వ్యవస్థలలో ప్రతి పత్రమునకు ఐనోడ్ అను సంఖ్య యుండును. ఆ సంఖ్యను కూడ గుర్తుంచుకొన్నచో ఈ మోసము జరుగదు. పాత పుస్తకపు చివర చదువక మిగిలిన పంక్తులను ముగించిన పిదపనే క్రొత్త పుస్తకమునకు రావలెను.

నాలుగవది: తొందరపడి కేక వేయరాదు. కరెంటు 8 ఆంపియర్లకు తగ్గిన పంక్తి ఒక్కటి కనబడగానే ఫోనుకు కబురు పంపినచో, చిన్న ఒడిదుడుకునకును యజమాని పరుగెత్తవలసివచ్చును. మూడు పంక్తులు వరుసగా 8కి తక్కువైనచో కబురు పంపుమని చెప్పినచో, పై ఉదాహరణమున 6-30కి కబురు వచ్చును. ఒకమారు పంపిన కబురును, స్థితి చక్కబడువఱకు తిరిగి తిరిగి పంపరాదు. నాన్నా పులి యని ఊరకే కేకలు వేసిన బాలుని కథ మన పిల్లలందఱకు కంఠస్థము. వేయి కబురులు పంపు స్క్రిప్టు మాటను వేయిన్నొకటవ మారు ఎవ్వరును వినరు.

ఐదవది: నిశ్శబ్దమును కూడ వినవలెను. ఈ నియమమును క్రొత్తవారు తఱచు మఱతురు. చిట్టాలో లోపమని వ్రాసియున్నచో స్క్రిప్టు పట్టుకొనును. కాని వ్రాయు యంత్రమే ఆగిపోయినచో లోపమను మాట యెచ్చటి నుండి వచ్చును? చిట్టా శుభ్రముగా కనబడును. ఇంటివారు క్షేమమని తలతురు. అందుచే పది నిమిషములలో క్రొత్త పంక్తి యొక్కటియు పడనిచో దానిని కూడ లోపముగా నెంచి కబురు పంపవలెను. కాని సందర్భమెఱుగవలెను. సోలారు పలక రాత్రివేళ విద్యుత్తు నీయకుండుట దాని ధర్మము; పట్టపగలు ఈయకుండుట లోపము. కాలము విషయమున మరియొక జాగ్రత్త గలదు. కొన్ని యంత్రములు ప్రపంచ ప్రామాణిక కాలమును వ్రాయును. మన కాలము దానికంటె 5 గంటల 30 నిమిషములు ముందు. మన గడియారములో ఉదయము 6-20 అయినప్పుడు ఆ యంత్రము 0-50 అని వ్రాయును. ఇది యెఱుగని స్క్రిప్టు పగటిని రాత్రిగా భావించును.

ఆఱవది: కావలివానికి కావలి యుండవలెను. స్క్రిప్టును ఆగిపోవచ్చును. దినమున కొకమారు, ఉదయమున, నేను మేల్కొనియున్నాను, నిన్న ఇన్ని పంక్తులు చదివితిని అని ఒక్క చిన్న కబురు పంపునట్లు ఏర్పాటు చేసినచో, ఆ కబురు రాని దినమున సంగతి తెలియును. పూర్వము ఊరి తలారి రాత్రివేళ కేకవేయుచు తిరిగెడివాడు. దొంగలను బెదరించుట కెంతయో, తాను మేల్కొనియున్నానని ఊరివారికి తెలుపుటకు నంతయే.

ఈ ఆఱు నియమములును కలిపి పైథాన్ వంటి భాషలో వ్రాసినచో, మన మోటారు చిట్టాకు కొలది పంక్తుల స్క్రిప్టు చాలును. పాత కంప్యూటరు మీదనైనను అది నడచును. వ్యయమైనది ధనము కాదు, ఆలోచన.

డెబ్బది యైదు సెంట్ల తేడా

చిట్టాను ఆవర్జాతో సరిచూచుటచే గొప్ప దొంగతనము బయటపడిన వృత్తాంత మొకటి గలదు. 1986లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో క్లిఫర్డ్ స్టోల్ అను ఖగోళ శాస్త్రజ్ఞుడు కంప్యూటరు శాఖలో పనికి చేరెను. కంప్యూటరును వాడినవారి లెక్కలలో 75 సెంట్ల తేడా వచ్చినది. దాని కారణమును కనుగొనుమని అతనికి చెప్పిరి. 75 సెంట్లనగా ముప్పాతిక డాలరు. అల్పమని విడువక అతడు చిట్టాలను వెదకగా, ఎవరో పరాయివాడు లోపల ప్రవేశించి కంప్యూటరును వాడుకొనుచున్నట్లు తేలినది. స్టోల్ ఆ చొఱబాటుదారు వచ్చు తంతులకు ముద్రణ యంత్రములను తగిలించి వాడు కొట్టిన ప్రతి యక్షరమును కాగితముపై ఎక్కించెను. వాడు వచ్చినప్పుడు తన జేబులోని పేజరు మ్రోగునట్లు ఏర్పాటు చేసెను. అనేక మాసముల వేట పిదప వాడు పశ్చిమ జర్మనీలోని హానోవరు నగరమునకు చెందిన మార్కస్ హెస్ యని తెలిసినది. అమెరికా సైనిక కంప్యూటర్లలో వెదకి తెచ్చిన సమాచారమును సోవియట్ గూఢచారి శాఖకు అమ్మిన నేరమునకు హెస్, అతని సహచరులు 1990లో శిక్షితులైరి.

ఇచ్చట గమనింపదగిన దొకటి గలదు. చిట్టా అంతకు ముందును వ్రాయబడుచునే యున్నది. ఒకడు కూర్చుండి చదివిన దినముననే అది మాటలాడినది.

మన దేశమునను ఈ విషయమై కట్టుబాటు గలదు. భారత ప్రభుత్వపు సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశము ప్రకారము, సంస్థలును ప్రభుత్వ కార్యాలయములును తమ కంప్యూటరు చిట్టాలను 180 దినముల వఱకు భద్రపఱుపవలెను. చొఱబాటు వంటి సంఘటనలను ఎఱిగిన 6 గంటలలో తెలియజేయవలెను. ఆఱు గంటలలో తెలుపవలెనన్నచో అంతకు ముందే ఎవరైనను చదువుచుండవలెను కదా! చిట్టాలో వ్రాయరానివియు గలవు. రహస్య సంకేత పదములు, బ్యాంకు పిన్ సంఖ్యలు చిట్టాలోనికి ఎక్కరాదు. ఎక్కినచో చిట్టాయే దొంగకు తాళపుచెవి యగును.

ఇది మన పిల్లల కేల?

సోలారు కేంద్రము వచ్చిన పిదప పలకలు కడుగుట, గడ్డి కోయుట, కావలి కాయుట అను పనులు మన ప్రాంతమున కొందఱకు దొరకినవి. ఏ పనియు హీనము కాదు. కాని భూమి నిచ్చిన ఇంటి బిడ్డ ఆ భూమి మీది యంత్రము వ్రాసిన చిట్టాను చదువలేక, దాని దుమ్ము తుడుచుటతోనే నిలిచిపోవలెనా? విద్యుత్ లెక్కలలో దినమును 15 నిమిషముల చొప్పున 96 భాగములు చేసి, ఎప్పు డెంత విద్యుత్తు పంపుదురో ముందుగా చెప్పింతురు. చెప్పినదానికి, పంపినదానికి భేదము హద్దు మీఱినచో రుసుము పడును. కాబట్టి చిట్టా చదువువాని పని కేంద్రమునకు ప్రాణప్రదమైనది. ఆ పని నేర్చినవాడు తిరుమణిలోనే కాదు, బ్యాంకులోను, ఆసుపత్రిలోను, రైల్వేలోను ఉపయోగపడును.

ఇందుకు కావలసిన విద్య మన పిల్లలకు అందరానిది కాదు. పై ఆఱు నియమములలో ఆంగ్లము లేకున్న అర్థము కానిది ఒక్కటియు లేదని పాఠకులే గ్రహించియుందురు. స్క్రిప్టులో వ్రాయు ఆజ్ఞల మాటలు కొలదిగా ఆంగ్లములో నుండును. వానిని బాలుడు ఒక మాసములో నేర్చును. ఏమి చదువవలెను, ఎచట ఆగవలెను, ఎప్పుడు కేక వేయవలెను అను వివేకము మాత్రము తల్లిభాషలో ఆలోచించిననే గట్టిపడును. ఇంట తెలుగును, బజారులో కన్నడమును, పుస్తకములో ఆంగ్లమును చూచు మన పిల్లలకు ఒక సంగతిని మూడు విధముల చెప్పగల నేర్పు సహజముగా అబ్బును. అది లోపము కాదు, మూలధనము.

తల్లిదండ్రులు చేయదగిన సహాయ మొకటి గలదు. ఇంట నొక చిన్న చిట్టాను పిల్లలచేత వ్రాయింపుడు. బోరు నీరు ఎన్ని నిమిషములు వచ్చినది, పాలు ఎన్ని లీటర్లు పోసితిమి, వాన ఎప్పుడు పడినది: ఏదైనను సరే, దినమున కొక పంక్తి. వారమున కొకమారు దానిని వారిచేతనే చదివించి, ఏమి మారినదని అడుగుడు. వ్రాయుట మాత్రమే నేర్చిన బిడ్డ గుమాస్తా యగును. వ్రాసినది చదివి తేల్చుట నేర్చిన బిడ్డ యజమానికి కన్నుగా నుండును.

ఇంట పిల్లలను అడుగదగిన ప్రశ్నలు

1. చిట్టాకు, ఆవర్జాకు భేదమేమి? స్క్రిప్టు వీనిలో దేనిని చదివి దేనిని తయారు చేయును?
2. నిమిషమునకు రెండు పంక్తులు వ్రాయు యంత్రము ఒక వారములో ఎన్ని పంక్తులు వ్రాయును?
3. గుర్తు 9,000 బైట్ల వద్ద నున్నది. చిట్టా పరిమాణము 350 బైట్లు. ఏమి జరిగియుండును? స్క్రిప్టు ఏమి చేయవలెను?
4. మోటారు చిట్టాలో 12, 7, 12, 7, 7, 12 ఆంపియర్లు వరుసగా నున్నచో, మన నియమము ప్రకారము కబురు పోవునా? ఎందుచేత?
5. చిట్టాలో లోపమను మాట ఒక్కమారును లేదు. అంతమాత్రమున యంత్రము క్షేమమని చెప్పవచ్చునా?